ఆపరేషన్ లేని జబ్బు మా ఇంటిని ఎట్లా ముంచింది: నాయిన అప్పుల నోట్‌బుక్ చదివాక

మర్రిగూడ_బిడ్డ
జూన్ 8, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. నేను హైదరాబాద్‌లో గోదాంలో పనిచేస్తాను. పోయిన వారం ఊరికి పోతే అటక మీద నాయిన పాత నోట్‌బుక్ దొరికింది. ఐదో తరగతి వరకే చదివాడు గానీ ఎవరి దగ్గర ఎంత తెచ్చిండో, ఎప్పుడు ఎంత కట్టిండో తారీఖుతో సహా రాసుకున్నాడు. రాత్రి కూర్చుని మొత్తం చదివాను. నిద్ర పట్టలేదు.

2009లో నాయినకు నడుము పట్టేయడం మొదలైంది. బోరు నీళ్లే తాగి పెరిగిన మనిషి. 2011 నాటికి కింద కూర్చుంటే ఇంకొకరు పట్టుకుని లేపాలి. 2012 నుంచి నెలలో సగం రోజులు పనికి పోలేదు. అప్పుడు మగ కూలి 250. 2013 జనవరిలో హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ ఆసుపత్రికి పోయారు. స్కానింగులు, పరీక్షలు, వారం రోజులు ఉండటం, మందులు కలిపి 40,000. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చారు. వాళ్లు చివరికి చెప్పింది బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చిందని, దీనికి ఆపరేషన్ లేదని. అది మా ఊర్లో ముసలవ్వను అడిగినా చెప్పేది.

2014లో బర్రెను అమ్మారు, 28,000కు. మిత్తికి, ఎరువులకు పోయింది. 2016లో చెల్లె ఇంటర్ అయ్యాక చదువు ఆపి చౌటుప్పల్ వైపు ఒక కంపెనీలో ప్యాకింగ్ పనికి చేరింది. 2017లో రెండెకరాల చెలకలో ఎకరం పోయింది. అమ్మ ఇంకా కైకిలికి పోతున్నది.

ఆరోగ్యశ్రీ కార్డు ఇంట్లోనే ఉంది. ఒక్కసారి కూడా పనికి రాలేదు. నా ప్రశ్న ఒక్కటే. ఇది ఎక్కడ ఆపి ఉండాల్సింది? ఏ సంవత్సరం, ఏ పని వేరేగా చేసి ఉంటే మేము ఇట్లా కాకపోదుము?

లెక్కల_సార్
జూన్ 8, రాత్రి 10:30

తమ్ముడూ, నేను మిర్యాలగూడలో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. నోట్‌బుక్‌లో నెల మందుల ఖర్చు రాసి ఉందా? 40,000 అసలు ఎప్పుడు కట్టారు? 2012 నుంచి 2015 వరకు వివరాలు పెట్టు, లెక్క వేసి చూద్దాం. నాయినకు ఇప్పుడు ఎట్లా ఉంది?

మర్రిగూడ_బిడ్డ
జూన్ 8, రాత్రి 10:51

సార్, నడుము, మెడ బిగుసుకుపోయాయి. పక్కకు చూడాలంటే మొత్తం మనిషి తిరగాలి. మోకాళ్లు మడవలేడు. నొప్పి గోలీలు, సూదులు కలిపి నెలకు సుమారు 600 అని ఉంది. అసలు కట్టింది ఎకరం అమ్మినప్పుడే.

సూర్యాపేట_వ్యాపారి
జూన్ 9, ఉదయం 7:15

మీ కష్టం చదివి బాధ కలిగింది. అయినా మనసులో ఉన్నది చెప్తాను, తప్పుగా అనుకోకండి. మా తాత ముత్తాతలదీ మునుగోడు ప్రాంతమే. అదే నీళ్లు తాగాం. మా నాన్నకు కూడా 45 ఏళ్లకే నడుము పట్టేసింది. కానీ మేము నిలదొక్కుకున్నాం. జబ్బు అందరికీ వస్తుంది. పైసలు వచ్చినప్పుడు దాచుకోకపోవడం, పెళ్లిళ్లకు, తాగుడుకు ఖర్చు పెట్టడం వల్లనే చాలా కుటుంబాలు మునుగుతాయి. షాపులో కూర్చుని రోజూ చూస్తున్నాను.

బత్తాయితోట
జూన్ 9, ఉదయం 7:58

అన్నా, మర్రిగూడ తమ్ముడి నోట్‌బుక్‌లో కల్లు పద్దు ఏమీ కనబడలేదు నాకు. సూదులు, గోలీలు, మిత్తి, ఇవే ఉన్నాయి.

రైతుగా ఒక మాట. 2018 ఆగస్టు 15 నుంచి రైతు బీమా ఉంది. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు రైతు చనిపోతే ఇంటికి 5 లక్షలు వస్తుంది. మంచి పథకం, మా ఊర్లో రెండు కుటుంబాలను నిలబెట్టింది. అదే రైతు చనిపోకుండా మంచాన పడితే? అందులో నుంచి ఏమీ రాదు. కౌలు రైతుకైతే చనిపోయినా రాదు. మా పక్క చేను ఆయన పక్షవాతం వచ్చి ఆరేళ్లు బతికాడు. ఆ ఆరేళ్లలో తోట ఎండిపోయింది, నీళ్లు పెట్టే మనిషి లేక. తోట ఎండిపోయినాక మందులకు అప్పు పుట్టడం కూడా ఆగిపోయింది.

దవాఖాన_డ్యూటీ
జూన్ 9, మధ్యాహ్నం 2:20

నేను ఈ జిల్లాలోనే ప్రభుత్వ డాక్టర్‌ని. మర్రిగూడ తమ్ముడి పోస్టులో అందరూ అప్పు గురించి చూస్తున్నారు. నాకు మాత్రం 2014లో బర్రెను అమ్మిన దగ్గర చూపు ఆగిపోయింది.

ఫ్లోరైడ్ ఎముకలోకి చేరుతుంది. ఎముక మందమవుతుంది, కీళ్ల చుట్టూ, కండరాలు అతుక్కునే చోట్ల కూడా ఎముక పెరుగుతుంది. అందుకే నడుము కొయ్యలా బిగుస్తుంది. అయితే ఒకే ఊర్లో ఒకే బోరు నీళ్లు తాగినా అందరికీ ఒకే స్థాయిలో రాదు. ఎంత తాగారు, ఎండలో ఎంత పని చేశారు అన్నదాంతో పాటు తిండి కూడా లెక్కలోకి వస్తుంది. పాలు, పెరుగు, ఆకుకూరలు లేక కాల్షియం తక్కువైన ఒంట్లో ఫ్లోరైడ్ చేసే నష్టం ఎక్కువ. 1973లోనే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్లగొండ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి తిరిగిపోయిన యువకుల గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. తిండి సంగతి అప్పటి నుంచి చర్చలో ఉన్నదే.

ఎండలో కూలి చేసే మనిషి రోజుకు ఎక్కువ నీళ్లు తాగుతాడు, అంటే ఎక్కువ ఫ్లోరైడ్ తాగుతాడు. నీడలో కూర్చునే మనిషి తక్కువ తాగుతాడు. పేదవాడి పనే అతనికి ఎక్కువ డోసు ఇస్తుంది. ఎముకల జబ్బుకు చేసిన అప్పు తీర్చడానికి, ఎముకలకు కాస్త అడ్డుగా ఉన్న పాలను ఇంట్లోంచి పంపేశారు. మీ నాయినను తప్పు పట్టడం లేదు తమ్ముడూ. ఆ రోజు ఇంట్లో అమ్మగలిగినది అదొక్కటే. కానీ బర్రె పోయిన రోజు ఆదాయం, తిండి, మందు మూడూ కలిసి పోయాయి.

మర్రిగూడ_బిడ్డ
జూన్ 9, సాయంత్రం 6:05

డాక్టర్ గారూ, ఇది మాకు ఎవరూ చెప్పలేదు. బర్రె నాలుగు లీటర్లు ఇచ్చేది. రెండు లీటర్లు పాల కేంద్రంలో పోసేవాళ్లం, రెండు ఇంట్లో. బర్రె పోయాక ఇంట్లో నల్ల చాయే. అది కూడా బోరు నీళ్లతోనే కాచేవాళ్లం.

దవాఖాన_డ్యూటీ
జూన్ 9, సాయంత్రం 6:40

నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. ఇది అందరికీ చెప్పండి. ఇప్పుడు ఇంటికి మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నా, చేను దగ్గర బోరు నీళ్లు తాగేవాళ్లు, వంటకు బోరు నీళ్లే వాడేవాళ్లు ఇంకా కనబడుతున్నారు. తాగేదీ వండేదీ రెండూ నల్లా నీళ్లే కావాలి. పిల్లలకు మరీ ముఖ్యం. పళ్లు ఏర్పడే ఎనిమిదేళ్ల లోపు వయసులోనే మచ్చలు పడేది.

లెక్కల_సార్
జూన్ 9, రాత్రి 8:30

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే విధానానికి 'నల్లగొండ పద్ధతి' అని పేరు. నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది. టాంజానియా, ఇథియోపియాల దాకా వెళ్లింది. మన జిల్లా పేరు ప్రపంచానికి నీళ్లు శుభ్రం చేసే పద్ధతిగా తెలుసు. మా బంధువుల ఊర్లో పెట్టిన ప్లాంటు మాత్రం నడిపే మనిషికి జీతం ఇవ్వక రెండేళ్లకే తుప్పు పట్టింది. ఆ మధ్య కాలంలో పుట్టిన పిల్లల పళ్లు చూస్తే ఇప్పటికీ గుండె తరుక్కుపోతుంది.

ఇక లెక్క. 2012 నుంచి 2015 వరకు, నాలుగేళ్లు.

ఆసుపత్రికి 40,000. నెలకు 600 చొప్పున గోలీలు, సూదులు 28,800. కలిపి 68,800.

నెలకు 15 రోజుల కూలి పోతే 3,750. నాలుగేళ్లకు 1,80,000.

నూటికి మూడు రూపాయలంటే 40,000కు నెలకు 1,200. మూడేళ్లకు 43,200. అంటే మిత్తే అసలును దాటింది.

అన్నీ కలిపితే 2,92,000. ఇందులో దవాఖానకు, మందులకు పోయింది నాలుగో వంతు కూడా లేదు. పాల డబ్బు పోయింది ఇందులో కలపలేదు. తమ్ముడూ, ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మన పాలమూరు ఒకటి. అప్పుడు 2 లక్షలు, తర్వాత 5, 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. గుండె ఆపరేషన్, క్యాన్సర్ వచ్చినవాళ్లను ఆ కార్డు ఎంతమందిని బతికించిందో నాకు తెలుసు, నా భార్య చెల్లెలు ఒకరు. కానీ కార్డు చూసేది ఆసుపత్రి బిల్లును. మీ ఇంట్లో నష్టం బిల్లులో లేదు. అది మంచం మీద పడుకున్న రోజుల్లో ఉంది.

దేశంలో కూడా ఇదే తీరు. వైద్యానికి అయ్యే మొత్తం ఖర్చులో జనం నేరుగా జేబులోంచి పెట్టేది 2013–14లో 64.2 శాతం ఉంటే, 2021–22కు 39.4కు తగ్గిందని జాతీయ ఆరోగ్య ఖాతాల లెక్క. తగ్గడం సంతోషమే. పోయిన కూలి మాత్రం ఆ ఖాతాలో ఏ గడిలోనూ ఉండదు.

సూర్యాపేట_వ్యాపారి
జూన్ 9, రాత్రి 9:55

సార్ లెక్క రెండు సార్లు చదివాను. ఒక విషయం ఒప్పుకోవాలి. మా నాన్న ప్రభుత్వ ఆఫీసులో అటెండరు. నడుము పట్టేసినప్పుడు మెడికల్ లీవు పెట్టాడు. ఐదు నెలలు ఇంట్లో ఉన్నాడు. జీతం ఆగలేదు. తర్వాత కూర్చునే పని ఇచ్చారు. మా ఇంట్లో రెండు బర్రెలు ఉండేవి, ఒక్కటి కూడా అమ్మాల్సిన అవసరం రాలేదు. ఆ జీతం దాచే షాపు పెట్టాం.

నేను ఇన్నాళ్లు దాన్ని మా పొదుపు అనుకున్నాను. పొదుపు కూడా చేశాం, అది అబద్ధం కాదు. కానీ ఆ ఐదు నెలలు జీతం రాకపోయి ఉంటే ఏమయ్యేదో పొద్దున రాసినప్పుడు ఆలోచించలేదు. తమ్ముడూ, నా మాట నొప్పించి ఉంటే మన్నించు.

మర్రిగూడ_బిడ్డ
జూన్ 9, రాత్రి 10:10

అయ్యో అన్నా, అంత మాట వద్దు. మా చుట్టాలు కూడా అట్లాగే అన్నారు, ముఖం మీదే. మీరు తిరిగి వచ్చి రాశారు.

పాలమూరు_లేబర్_కొడుకు
జూన్ 10, ఉదయం 6:30

నేను నారాయణపేట వైపు. మా ఇంట్లో ఇది వేరే దారిలో జరిగింది.

మా నాన్న గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని పుణె పోయేవాడు, బిల్డింగ్ పనికి. దసరా తర్వాత పోతే వానలకు తిరిగి వచ్చేది. అక్కడ రేకుల షెడ్డులో పది మంది. ఒక ఏడు దగ్గుతో వచ్చాడు. తెమడ పరీక్ష చేస్తే టీబీ. ప్రభుత్వ మందులు ఫ్రీ, ఆరు నెలలు వాడాలన్నారు. రెండు నెలలకే దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది. అడ్వాన్స్ ఇంకా తీరలేదు. మేస్త్రీ మనిషి రోజూ ఇంటి ముందు నిలబడుతున్నాడు. మూడో నెలలో నాన్న పుణె పోయాడు, మందులు ఆగిపోయాయి. మరుసటి ఏడు మళ్లీ తిరగబడింది. ఈసారి అమ్మకు కూడా అంటుకుంది.

మందులు మానేశాడని అందరూ ఆయన్నే తిట్టారు. నేనూ తిట్టాను, అప్పుడు పదో తరగతి. ఇప్పుడు ఆలోచిస్తే, ఫ్రీ మందులు తింటూ ఇంట్లో కూర్చోవడానికి కావాల్సిన పైసలు ఎవరి దగ్గర ఉన్నాయి?

ఏఎన్ఎం_దేవరకొండ
జూన్ 10, మధ్యాహ్నం 1:15

తమ్ముడూ, నేను తండాల్లో 19 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మీ నాన్న లాంటి వాళ్లను ఎంతమందిని చూశానో. ఇప్పుడైతే టీబీ పేషెంటుకు నిక్షయ్ ఐడీ, అంటే ప్రభుత్వ టీబీ రిజిస్టర్‌లో ఒక నంబరు ఉంటుంది. పుణె పోయినా, ముంబై పోయినా అక్కడి ప్రభుత్వ దవాఖానకు మార్పించుకోవచ్చు, మందులు ఆపాల్సిన పని లేదు. పోయే ముందు మాకు ఒక్క మాట చెప్పాలి. పోషణకు 2018 నుంచి నెలకు 500 ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. ఎవరికైనా బ్యాంకు ఖాతా తప్పు పడి రాకుంటే అడగండి, సరిచేయించవచ్చు.

నా అనుభవంలో మొదటి రెండు నెలలు ఇంట్లో బియ్యం, పప్పు, గుడ్లు ఉన్న పేషెంటు కోర్సు పూర్తి చేస్తాడు. లేని పేషెంటు నేను ఎంత చెప్పినా బస్సెక్కుతాడు.

దవాఖాన_డ్యూటీ
జూన్ 10, మధ్యాహ్నం 3:40

అక్క చెప్పినదానికి గట్టి ఆధారం ఉంది. జార్ఖండ్‌లో టీబీ పేషెంట్ల ఇళ్లలో మిగతా కుటుంబ సభ్యులకు నెలనెలా తిండి సామాన్లు ఇచ్చి చూశారు. 2023లో ఫలితాలు వచ్చాయి. అట్లా ఇచ్చిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. కొత్త మందు కాదు, టీకా కాదు. బియ్యం, పప్పు, విటమిన్లు. పాలమూరు తమ్ముడి అమ్మ సంగతి చదివినప్పుడు నాకు ఇదే గుర్తుకొచ్చింది.

నొప్పి గోలీల గురించి కూడా చెప్పాలి. ఊర్లో ఆర్ఎంపీ దగ్గర సూది, గోలీ వేయించుకుని పొద్దున్నే కూలికి పోయేవాళ్లు వేలల్లో ఉన్నారు. ఆ గోలీ వాళ్లకు మందు కంటే ఎక్కువగా పెట్టుబడి లాంటిది. అది వేసుకుంటేనే ఆ రోజు కూలి. కానీ ఈ రకం గోలీలు నెలల తరబడి వాడితే, ముఖ్యంగా బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు, కిడ్నీలు దెబ్బతింటాయి. తర్వాత డయాలసిస్. అది ఆరోగ్యశ్రీలో ఫ్రీ. వారానికి మూడు సార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు మిషను మీద. రానూపోనూ కలిపితే రోజు అయిపోతుంది, తోడు వచ్చిన మనిషికి కూడా. 2025–26 ఉపాధి హామీ రేటు 307 లెక్కన చూసినా ఇద్దరికి వారానికి 1,842 పోయినట్టే.

మర్రిగూడ తమ్ముడూ, నాయినకు ఒకసారి బీపీ, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష చేయించు. టెన్షన్ పెట్టడానికి కాదు, ఇన్నేళ్లు గోలీలు వాడాడు కాబట్టి అడుగుతున్నాను.

మగ్గం_బిడ్డ
జూన్ 10, రాత్రి 8:05

మాది పోచంపల్లి దగ్గర. గుంట మగ్గం. చిన్న విషయమే, కానీ ఇక్కడ అందరూ మునిగిన కథలు రాస్తున్నారు కాబట్టి తేలిన కథ ఒకటి రాస్తాను.

మా నాన్నకు 48 ఏళ్లప్పుడు దగ్గరి చూపు తగ్గింది. ఇక్కత్‌లో పోగు మీద పోగు సరిగ్గా కూర్చోకపోతే డిజైన్ చెదురుతుంది. రెండు చీరలు వాపసు వచ్చాయి. మాస్టర్ వీవర్ తేలిక రకం ఇచ్చాడు, కూలి సగానికి పడింది. ఏడాదిన్నర అట్లాగే గడిచింది. వయసైపోయిందని ఆయనే అనుకున్నాడు. 2018లో కంటి వెలుగు క్యాంపు పెట్టినప్పుడు అమ్మ బలవంతంగా పంపింది. అద్దాలు ఉచితంగా ఇచ్చారు. దసరాకు మళ్లీ పాత డిజైన్లు నేశాడు.

ఆ ఏడాదిన్నర గురించి ఇప్పటికీ బాధగా ఉంటుంది. బయట కొన్నా ఆ అద్దాలు ఎంత? మూడు, నాలుగు వందలు.

దవాఖాన_డ్యూటీ
జూన్ 10, రాత్రి 9:00

అస్సాం తేయాకు తోటల్లో 40 ఏళ్లు దాటిన కూలీలకు దగ్గరి చూపు అద్దాలు ఇచ్చి చూస్తే, ఇవ్వని వాళ్లకంటే రోజుకు కోసే ఆకు దాదాపు 22 శాతం పెరిగింది. 2018లో వచ్చిన అధ్యయనం. మీ నాన్నది అదే కథ.

చేను_చెలక
జూన్ 11, ఉదయం 5:50

ఆడవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇంట్లో మగమనిషి మంచాన పడితే కైకిలి, వంట, సేవ అన్నీ ఆమె మీదే. నాకు 34 ఏళ్లకే గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట అవుతుందని పోతే క్యాన్సర్ అవుతుందని భయపెట్టారు. తర్వాత రెండేళ్లు పత్తి సంచి ఎత్తలేకపోయాను. వారం కిస్తీ వాళ్లు మాత్రం వారం వారం వచ్చారు. నాతో పాటు సంఘంలో ఉన్నవాళ్లు నా కిస్తీ కూడా కట్టాల్సి వచ్చింది, వాళ్ల ముఖం చూడలేక బావి దగ్గరికి కూడా పోలేదు. 2019–21 సర్వేలో తెలంగాణ ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తం తక్కువ అని తేలిందట. మాకు సర్వే అక్కర్లేదు. మధ్యాహ్నం చేనులో కళ్లు తిరిగి గట్టు మీద కూర్చున్నవాళ్లను లెక్కబెడితే చాలు.

మర్రిగూడ తమ్ముడూ, మీ అమ్మకు ఎట్లా ఉంది? నీ పోస్టులో ఆమె గురించి ఒక్క లైనే ఉంది.

మర్రిగూడ_బిడ్డ
జూన్ 11, రాత్రి 9:20

అక్కా, అమ్మ బాగానే ఉంటుంది. ఎప్పుడూ ఏమీ చెప్పదు.

మర్రిగూడ_చెల్లె
జూన్ 11, రాత్రి 11:48

అన్న ఈ లింకు పంపితే చదివి ఇప్పుడే సభ్యత్వం తీసుకున్నాను.

అన్నా, అమ్మ బాగా లేదు. రెండేళ్ల కింద మా కంపెనీ క్యాంపులో చూపిస్తే బీపీ ఉందన్నారు. రోజుకో గోలీ రాశారు. షాపులో పది గోలీల స్ట్రిప్ కొంటే అమ్మ ఇరవై రోజులు వాడుతుంది, రోజు విడిచి రోజు. తలనొప్పి ఉన్న రోజు వేసుకుంటుంది, లేని రోజు మిగిలింది అనుకుంటుంది. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. నాయిన గోలీలకే పైసలు చాలడం లేదని నువ్వు అన్నావు కదా ఒకసారి, అది ఆమె మనసులో పెట్టుకుంది.

నా చదువు గురించి రాశావు. నేను ఆపానని రాశావు. నేను ఆపలేదు అన్నా. ఫీజు కట్టే తారీఖు రోజు మిత్తి కట్టే తారీఖు కూడా వచ్చింది. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. నేనే పుస్తకాలు సర్దేశాను. కోపం లేదు. నువ్వు ఏ సంవత్సరం ఆపి ఉండాల్సింది అని అడిగావు కాబట్టి చెప్తున్నాను, అది ఇంకా జరుగుతూనే ఉంది. అమ్మ దగ్గర జరుగుతున్నది.

ఏఎన్ఎం_దేవరకొండ
జూన్ 12, ఉదయం 6:10

బిడ్డా, రాత్రి నీ పోస్టు చదివి పొద్దున్నే రాస్తున్నాను. బీపీ గోలీలు సబ్ సెంటర్‌లో, పీహెచ్‌సీలో నెలకు సరిపడా ఉచితంగా ఇస్తారు. కొనాల్సిన పని లేదు. ఆధార్ కార్డు తీసుకుని అమ్మను పంపు, బీపీ, షుగర్ లాంటి జబ్బుల రిజిస్టర్‌లో (ఎన్‌సీడీ అంటారు) పేరు రాస్తారు. బీపీ గోలీ తలనొప్పికి వేసుకునేది కాదు, ఏమీ అనిపించకపోయినా రోజూ వేసుకోవాలి. విడిచి విడిచి వేసుకుంటే పక్షవాతం వచ్చే ప్రమాదం. బత్తాయితోట అన్న రాశాడు కదా పక్క చేను ఆయన గురించి. మీ ఊరి ఏఎన్ఎం ఎవరో కనుక్కుని నేనే ఫోన్ చేస్తాను.

ఇంకోటి. నాయినకు పెన్షన్ వస్తున్నదా? దివ్యాంగుల పెన్షన్ 2023లో 3,016 నుంచి 4,016 అయింది. 40 శాతం వైకల్యం సర్టిఫికెట్ ఉండాలి.

మర్రిగూడ_బిడ్డ
జూన్ 12, ఉదయం 7:30

చెల్లె పోస్టు పొద్దున చూశాను. ఏం రాయాలో తెలియడం లేదు. ఈ రాత్రి బస్సుకు ఊరికి పోతున్నాను.

పెన్షన్ రావడం లేదక్కా. 2015లో క్యాంపుకు పోతే చేతులు కాళ్లు ఉన్నాయి కదా అని 30 శాతం వేశారు. నడుము, మెడ చూడలేదు. మళ్లీ పోదామంటే ఆటో, కూలి దండగ అని నాయిన రానన్నాడు.

లెక్కల_సార్
జూన్ 12, ఉదయం 9:00

అప్పు ఇంకా ఎంత ఉంది తమ్ముడూ? ఎవరెవరికి, ఎంత మిత్తికి?

మర్రిగూడ_బిడ్డ
జూన్ 14, మధ్యాహ్నం 12:25

అమ్మను నిన్న సబ్ సెంటర్‌కు తీసుకుపోయాను. బీపీ 170/100. నెల రోజుల గోలీలు ఇచ్చారు, పేరు రాసుకున్నారు. తిరిగి వస్తుంటే అమ్మ అన్నది, "రెండేండ్ల సంది కొన్న పైసలతో కోళ్లన్న కొందును" అని. నాయిన రక్తం పరీక్షకు ఇచ్చాం, సోమవారం రిపోర్టు.

సార్, అప్పు 60,000 ఉంది. 35,000 మూడు రూపాయల మిత్తికి, 25,000 రెండు రూపాయలకు.

లెక్కల_సార్
జూన్ 14, మధ్యాహ్నం 1:10

నెలకు 1,050, 500. మొత్తం 1,550 మిత్తికే పోతున్నది. అమ్మ మహిళా సంఘంలో ఉంటే బ్యాంకు లింకేజీ లోను సుమారు రూపాయి మిత్తికి దొరుకుతుంది. మొదట ఆ 35,000 అందులోకి మార్చు. నెలకు 700 మిగులుతుంది. ఆ 700 వేరే బాకీకి కట్టొద్దు, ఇంట్లోకి పాలు, గుడ్లు తెప్పించు. డాక్టర్ గారు చెప్పింది గుర్తుంది కదా. చెల్లె చదువు సంగతి కూడా ఆమెనే అడుగు. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ ఉద్యోగం చేస్తూ చదవొచ్చు. ఫారం నింపడానికి నేను సాయం చేస్తాను.

మర్రిగూడ_చెల్లె
జూన్ 14, మధ్యాహ్నం 2:02

సార్, బీకాం ఉందా అందులో?

లెక్కల_సార్
జూన్ 14, మధ్యాహ్నం 2:06

ఉంది తల్లీ. ఇంటర్ మెమో తీసి పెట్టుకో.

మర్రిగూడ_బిడ్డ
జూన్ 17, రాత్రి 8:45

నాయిన క్రియాటినిన్ కొంచెం ఎక్కువ ఉంది, 1.6. డాక్టర్ గారు చెప్పినట్టు ఆ గోలీలు ఆపించాం. వేరే మందు రాసిచ్చారు, మూడు నెలలకు మళ్లీ చూస్తారట. నొప్పి ఎక్కువగానే ఉంది, రాత్రిళ్లు నిద్ర లేదు. అమ్మ వేడి నీళ్ల కాపడం పెడుతున్నది.

వైకల్యం సర్టిఫికెట్‌కు మీసేవలో స్లాట్ దొరికింది, వచ్చే శనివారం నల్లగొండలో. పాత ఎక్స్‌రేలు అన్నీ తీసిపెట్టాను. ఒక సాయం కావాలి. నాయిన మోకాళ్లు మడవలేడు, మామూలు ఆటోలో కూర్చోలేడు. కాళ్లు చాపుకుని కూర్చునే బండి ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, కిరాయి ఇస్తాను.

సూర్యాపేట_వ్యాపారి
జూన్ 17, రాత్రి 9:10

తమ్ముడూ, షాపు సామాను బండి ఉంది నాది, ముందు సీటు వెనక్కి వాలుతుంది. నేనే నడుపుకుంటూ వస్తాను. కిరాయి మాట ఎత్తొద్దు. శనివారం ఎన్ని గంటలకు రమ్మంటావు?

మర్రిగూడ_బిడ్డ
జూన్ 17, రాత్రి 9:14

అన్నా, ఏడు గంటలకు. నాయినను లేపి కూర్చోబెట్టడానికే గంట పడుతుంది.

సూర్యాపేట_వ్యాపారి
జూన్ 17, రాత్రి 9:15

ఆరుకే వస్తాను. ఇద్దరం కలిసి లేపుదాం.